ఆంగ్ల సాహిత్య విద్యార్థియు, గైడు పుస్తకమును

1964వ సంవత్సరమున మదరాసు హైకోర్టు ఒక వింతయగు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. వాదులలో నొకరు ఇ. ఎం. ఫార్‌స్టర్. 'ఎ పాసేజ్ టు ఇండియా' యను నవలచే లోకప్రసిద్ధుడైన ఆ యాంగ్ల రచయితకు అప్పటికి 85 ఏండ్లు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలయందు గౌరవ సభ్యుడుగా నుండి వార్ధకమును గడుపుచుండెను. ప్రతివాది మదరాసు నగరమందలి యొక పుస్తక ప్రకాశకుడు. ఆయన చేసినదెల్ల, ఆ నవలను చదువు విశ్వవిద్యాలయ విద్యార్థుల కుపయోగించునట్లు ఒక గైడును అచ్చొత్తించి విక్రయించుటయే. ఒకని కథను, పాత్రలను, సన్నివేశములను పరులు చిన్న పుస్తకమున వివరించి యమ్ముకొనుట గ్రంథస్వామ్య హక్కునకు భంగమా కాదా యనునది న్యాయస్థానము తేల్చవలసిన ప్రశ్న.

న్యాయస్థాన మేమి తేల్చెనో చెప్పుటకు ముందు, గైడు ఆ బోనులోనికి వచ్చువఱకు నడచిన దారిని కొంత పరిశీలింపవలసి యున్నది. దారి పొడవైనదే. కాని కచేరీ యుద్యోగములలో నున్న తెలుగువారిలో ఆ దారిని చిన్ననాట ఒకమారైనను త్రొక్కనివారు మిక్కిలి యరుదు.

పెద్ద కావ్యము ప్రక్కన చిన్న దీపము పెట్టుట మనవారికి క్రొత్త విద్య కాదు. మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రసిద్ధి గన్న కోలాచల మల్లినాథసూరి కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవని యను పేరను, భారవి కిరాతార్జునీయమునకు ఘంటాపథమను పేరను, మాఘమునకు సర్వంకషయను పేరను వ్యాఖ్యలు రచించి, సంస్కృతము నేర్చు భారతీయు లందఱికిని శతాబ్దముల తరబడి గురువయ్యెను. అన్వయము, పదార్థము, విగ్రహవాక్యము, అలంకారము, నిఘంటు ప్రమాణము — ఈ క్రమమున ఆయన శ్లోకమును విప్పి చూపును. ఆధారము లేని మాటను, అక్కఱలేని మాటను చేర్చనని ఆయన నియమము పెట్టుకొన్నవాడు. 19వ శతాబ్దిలో సి. పి. బ్రౌను దొర తెలుగు ప్రబంధములకు పండితులచే వ్యాఖ్యలు వ్రాయించెను. మదరాసులోని వావిళ్లవారు టీకా తాత్పర్యములతో కావ్యములను ముద్రించి ఊరూరికిని అందించిరి.

అయితే ఈ వ్యాఖ్యలకును గైడునకును ఒక పెద్ద భేదము కలదు. మల్లినాథుని వ్యాఖ్య శ్లోకము క్రింద కూర్చుండును. దానిలోని ప్రతి మాటయు శ్లోకములోని యొక మాటను పట్టుకొని యుండుటచే, శ్లోకమును విడిచి వ్యాఖ్యను మాత్రము చదువబూనినవానికి ఏమియు బోధపడదు. గైడు అట్లు కాదు. అది మూలమును ఇంట విడిచి ఒంటరిగా బజారునకు వచ్చినది. మూలమును ముట్టకయే దానిని ఆద్యంతము చదువవచ్చును, చదివి పరీక్ష వ్రాయవచ్చును, ఉత్తీర్ణుడును కావచ్చును.

ఈ విడిపోవుట ఎట్లు సంభవించెను? కారణము పరీక్ష. ఆంగ్ల సాహిత్యము పరీక్షావిషయమైన చరిత్రయే విచిత్రము. లండనులోని క్రొత్త కళాశాలలు 1820ల చివరనుండి దానికి చోటిచ్చినను, ఆక్సుఫర్డులో ఆంగ్లమునకు ప్రత్యేకమైన ఆనర్సు శాఖ యేర్పడినది 1894లో. కేంబ్రిడ్జిలో స్వతంత్ర శాఖ యేర్పడినది 1917లో. అంతవఱకును అచ్చట గ్రీకు, లాటినులకే అగ్రాసనము. మాతృభాషలోని గ్రంథములను పెద్దమనుష్యుడు భోజనానంతరము తనంతట తాను చదువుకొనును గాని, వానికి ఆచార్యు లెందుకని వారి తలపు కాబోలు. ఇండియాలో మాత్రము ఆ సాహిత్యము అంతకు చాల పూర్వమే పరీక్షాపీఠ మెక్కినది.

అందులకు మొదటి మెట్టు ఉద్యోగము. 1854లో మెకాలే అధ్యక్షుడుగా గల సంఘము ఇండియా సివిలు సర్వీసునకు పోటీపరీక్షల పద్ధతిని నిర్ణయించెను. మఱుసటి సంవత్సరము జరిగిన మొదటి పరీక్షలోని మొత్తము 6,875 మార్కులలో 1,500 మార్కులు ఆంగ్ల రచన, సాహిత్యము, చరిత్రలకు కేటాయింపబడెను. గ్రీకునకు 750, సంస్కృతమునకు 375. గ్రీకులో సంస్కృతము సరిగా సగమని మార్కుల లెక్కలో తేలినది! పిమ్మట 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు మూడు విశ్వవిద్యాలయములు వెలసెను. వానికి నమూనా లండను విశ్వవిద్యాలయము. అనగా బోధించు సంస్థలు గాక పరీక్షించు సంస్థలు. రాజమహేంద్రవరము, బందరు, విజయనగరము కళాశాలల విద్యార్థులు మదరాసు పరీక్షలకే కూర్చుండిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది 1926లో గదా. ఈ విధముగా ఇండియాను ఏలబోవు ఆంగ్లేయుడును, ఆ యాంగ్లేయుని క్రింద గుమాస్తా కాబోవు భారతీయుడును ఇరువురును మార్కుల నిమిత్తము షేక్‌స్పియరును చదువవలసినవారైరి.

చదువుట సులభమా? గోదావరి తీరమున పెరిగిన బాలునకు మంచు తెలియదు, డాఫొడిల్ తెలియదు, ఆంగ్ల గ్రామములోని చర్చి ముంగిట సమాధుల నడుమ నడచు సాయంకాలము తెలియదు. బైబిలు గాథలను, గ్రీకు పురాణములను కవి ఒక మాటతో సూచించి పోవును; ఆ సూచన ఆంగ్లేయుని బిడ్డకు ఉగ్గుపాలతో అబ్బినది, ఇతనికి నిఘంటువున కూడ సులభముగా చిక్కనిది. అట్టి స్థితిలో టిప్పణము విలాసము గాదు, ఊతకఱ్ఱ. ఆ కఱ్ఱ పట్టుకొని నడచినవారిలో దారిని దాటి పోయినవారును కలరు. గోల్డుస్మిత్తు రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' నాటి విద్యార్థులకు చిరపరిచితమైన పుస్తకము. దానినుండి ప్రేరణ పొంది కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో రాజశేఖర చరిత్రమును ప్రారంభించుటయు, తెలుగు నవలకు అది తొలినాటి మేలుబంతి యగుటయు అందఱెఱిగినదే.

ఊతకఱ్ఱను మొదట చేసి యిచ్చినవారు పండితులే. మాక్మిలన్ వారు ఇండియా విద్యార్థుల కొఱకు 'ఇంగ్లీషు క్లాసిక్సు' అను గ్రంథమాలను వెలువరించిరి. ఆగ్రా కళాశాలలో ప్రిన్సిపాలుగా నుండిన కెన్నెత్ డైటన్ అందులో షేక్‌స్పియరు నాటకములకు పీఠికలును టిప్పణములును సంతరించెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు రో, వెబ్ అనువా రిరువురు టెన్నిసను ఖండకావ్యములకు టిప్పణములు వ్రాసిరి; వారి ఆంగ్లభాషా బోధినియు బహుళ ప్రచారము గాంచెను. కేంబ్రిడ్జి ముద్రణాలయమునుండి వెరిటీ సంస్కరణములు వచ్చెను. ఇవన్నియు మూలముతో కూడినవి. మల్లినాథుని మార్గమునకు ఇంచుమించు సమీపమైనవి. మొదట పీఠిక, నడుమ మూలము, వెనుక టిప్పణములు. కాని చూడుడు: టిప్పణము శ్లోకము క్రిందినుండి గ్రంథము చివరకు జరిగినది. అచ్చటనుండి గ్రంథము వెలుపలికి జరుగుట ఎంతసేపు? పరీక్షాపత్రములో ఏటేట సందర్భసహిత వ్యాఖ్యలు, పాత్రచిత్రణములు, సారాంశములు ఒకే అచ్చున వచ్చుచుండగా, ఆ ప్రశ్నలకు సరిపడు సమాధానములను మాత్రము ఏర్చి కూర్చి 'కీ' యనియు 'నోట్సు' అనియు పేరు పెట్టి అమ్మువారు ప్రతి విద్యాకేంద్రమునందును బయలుదేరిరి. మూలగ్రంథము కంటె చౌక, మోయుటకు తేలిక, చదువుటకు ఒక రాత్రి చాలును.

వ్యాపారము పెరిగిన చోట వ్యాజ్యము పుట్టక మానదు. 1890లో కలకత్తా హైకోర్టు ఎదుటకు పాల్‌గ్రేవు 'గోల్డెన్ ట్రెజరీ' విషయము వచ్చెను. 1861లో వెలువడిన ఆ పద్యసంకలనములోని పద్యములలో పెక్కింటిపై ఎవరికిని హక్కు మిగిలి యుండలేదు. అయినను ఏర్చుటలోని రసజ్ఞత పాల్‌గ్రేవుది గనుక, ఆ యేర్పునే తీసికొని నోట్సు చేర్చి ప్రచురించుట తగదని న్యాయస్థానము నిర్ణయించెను. ఇంతకంటె ముఖ్యమైనది 1923లో ప్రివీ కౌన్సిలు చెప్పిన తీర్పు. ప్లూటార్కు రచించిన అలెగ్జాండరు జీవితమునకు సర్ థామస్ నార్తు చేసిన ప్రాచీనానువాదమును సుమారు సగమునకు తగ్గించి, టిప్పణములు చేర్చి మాక్మిలన్ వారు పాఠశాలల కొఱకు ముద్రించిరి. బొంబాయి ప్రకాశకు లొకరు అట్టిదే మఱియొక పుస్తకమును తెచ్చిరి. నార్తు వాక్యములను కొన్నిటిని విడిచి కొన్నిటిని అదికినంత మాత్రమున ఆ మూలభాగముపై క్రొత్త హక్కు పుట్టదని లార్డు అట్కిన్‌సన్ చెప్పెను. టిప్పణములందు మాత్రము పాండిత్యము, వివేచన, శ్రమ కలవు గనుక వానికి హక్కు కలదనెను. అనగా బీద విద్యార్థికి అల్పముగా తోచు ఆ వెనుక పుటల సన్నయక్షరములే న్యాయశాస్త్రము దృష్టిలో గ్రంథకర్తృత్వమను గౌరవమునకు పాత్రములైనవి. టిప్పణకారులకు ఇంతకంటె పెద్ద సన్మానము ఏ సభలోను జరిగియుండదు.

ప్రభుత్వమువారు ఊరకుండలేదు. 1902లో కర్జను ప్రభువు నియమించిన విశ్వవిద్యాలయ సంఘము కంఠస్థ విద్యను గర్హించి, ప్రవేశపరీక్షకు ఆంగ్లములో నిర్ణీత పాఠ్యగ్రంథము లుండరాదని సూచించెను. గ్రంథమే లేకున్న 'కీ' ఎక్కడనుండి వచ్చునని వారి యూహ. 1917లో ఏర్పడిన శాడ్లరు సంఘమును పరీక్షయే విద్యను మ్రింగివేయుచున్నదని సుదీర్ఘముగా వాపోయెను. సంఘముల నివేదికలు బీరువాలలో చేరినవి. గైడులు విద్యార్థుల చేతులలోనే మిగిలినవి.

గైడును నిందించుట మర్యాదగా నెంచబడుచున్నది. ఆచార్యులు నిందింతురు, పత్రికలు నిందించును, గైడు చదివి పైకి వచ్చిన పెద్దలు మఱింత గట్టిగా నిందింతురు. కాని నింద వేయుటకు ముందు విద్యార్థి కూర్చున్న చోటును చూడవలెను. కళాశాల గ్రంథాలయమున ఒకటే ప్రతి. దానికై నలువది మంది. విమర్శగ్రంథములు పట్టణమున దొరకవు. తరగతిలో ఉపన్యాసకుడు వేగముగా చెప్పి వ్రాయించునది సగము వినబడదు; వినబడినదియు చాల పర్యాయములు ఏదో యొక గైడునుండి వచ్చినదే! బ్రాడ్లీ పండితుడు 1904లో ప్రకటించిన షేక్‌స్పియరు విషాదాంతముల విమర్శను చూచిన విద్యార్థులకంటె, అందలి భావములను గైడు మూలమున పేరు తెలియకయే నేర్చినవారు ఎన్నియో రెట్లు ఎక్కువ. కుటుంబములో మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన పిల్లవానికి, పిల్లకు ఆ పలుచని పుస్తకము ఇంటిలో లేని మేనమామ వంటిది: పరీక్షలో ఏమడుగుదురో, ఏమి చెప్పవలెనో చెవిలో చెప్పి పంపును. అంతమాత్రమున దోషము లేదనరాదు. మేనమామ చేతిని విడువనివాడు ఎప్పటికిని స్వయముగా నడువలేడు. కవితను ఆనందించుటకు ముందే దానిని గూర్చి ఇతరులు పొందిన ఆనందమును కంఠస్థము చేసినవానికి, ఆ కవిత పిమ్మట నోరు తెఱచి మాటాడదు. ఈ నష్టమునకు ఏ న్యాయస్థానమునందును నష్టపరిహారము దొరకదు.

విచిత్రమేమనగా, ఈ విషయమును ఫార్‌స్టర్ స్వయముగా ఎఱుగును. 1927లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో నవలారచనను గూర్చి ఆయన చేసిన ఉపన్యాసములలో, గ్రంథములోనికి పోక గ్రంథము చుట్టు తిరుగు కుహనాపాండిత్యమును సున్నితముగా హేళన చేసెను. చేసియు, ఉద్యోగమునకు పరీక్ష ద్వారమై యున్నంతవఱకు పరీక్షను తేలికగా చూడరాదని, పొట్టకూటికై చదువువారిని తప్పుపట్టరాదని ఒప్పుకొనెను. అంతేకాదు, ఆయనయే ఒకనాడు సజీవమైన గైడు. 1906లో ఇంగ్లండులో సయ్యద్ రాస్ మసూద్ అను భారతీయ యువకునకు ఆక్సుఫర్డు ప్రవేశమునకై లాటిను నేర్పినవాడు ఫార్‌స్టరే. సర్ సయ్యద్ అహ్మద్‌ఖాను మనుమడైన ఆ శిష్యునితో పెరిగిన స్నేహమే ఆయనను 1912లో మొదటిసారి ఇండియాకు రప్పించెను. 1924లో వెలువడిన నవల అంకితమైనది ఆ మసూదునకే.

ఆ మసూదు 1916 మొదలు 1928 వఱకు హైదరాబాదు సంస్థాన విద్యాశాఖకు డైరెక్టరుగా నుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రారంభమైనప్పుడు బోధన అంతయు ఆంగ్లములో గాక ఉర్దూలో జరుగవలెనని నిశ్చయించి, అందులకై ప్రత్యేకముగా అనువాద శాఖనే స్థాపించిరి. ఆంగ్లమును ఒక భాషగా నేర్పుటయే గాని దానిని విద్యకంతటికిని వాహనము చేయకుండుట ఆ ప్రయత్నములోని విశేషము. తెలుగు బిడ్డలకు ఉర్దూ మాత్రము ఇంటిభాష యగునా యని అడుగువారు అప్పుడును కలరు, తరువాతను కలరు. అది వేఱొక చర్చ. 1921లో దేవాసు సంస్థానమున కొలువు ముగించుకొని ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి మసూదు నింట కొంతకాలము గడపెను. ఇంగ్లండునకు మరలిపోయి, అంతకుముందు సగములో ఆగిన నవలను పూర్తిచేసెను.

ఇక తీర్పు. గైడు నవలకు సంక్షేపము కాదనియు, నవలను చదువదలచినవాడు దానికి బదులుగా గైడును కొనడనియు, పరీక్షకు సిద్ధపడు విద్యార్థికి గ్రంథమును వివరించుటయే దాని ప్రయోజనమనియు మదరాసు హైకోర్టు భావించెను. రచయిత హక్కునకు భంగము కలుగలేదని తేల్చెను. న్యాయముగా ఇది సరియైన నిర్ణయమే. మసీదు, గుహలు, దేవాలయము అని మూడు భాగములుగా సాగు ఆ నవలలో కథ ఏమి జరిగెనో చెప్పుట ఒక పుటలో ముగియును. అజీజునకును ఫీల్డింగునకును నడుమ స్నేహము ఎట్లు పెరిగి ఎట్లు చీలినదో ఆ పుటలో ఇముడదు. అయితే నవలకు బదులుగా ఎవరును గైడును కొనరను మాటను మాత్రము, పరీక్షకు ముందటి వారమున ఏ కళాశాల వసతిగృహమునకైనను పోయి చూచినవారు చిఱునవ్వుతో గాని వినలేరు.

ఇండియాలో ఇంత జరుగుచుండగా అమెరికా ఖండము ఈ విద్యను ఆలస్యముగా నేర్చినది. నేర్చిన తరువాత పరిశ్రమగా మార్చినది. కెనడాలో కోల్సు సోదరులు 1948లో ఒక ఫ్రెంచి కథకు నోట్సుతో ప్రారంభించిరి. వారి ప్రోత్సాహముతో నెబ్రాస్కా రాష్ట్రములోని లింకను పట్టణవాసి క్లిఫ్టన్ హిల్లెగాస్ 1958లో 4,000 డాలర్లు అప్పు తెచ్చి, షేక్‌స్పియరు నాటకములు పదునాఱింటికి నోట్సు ముద్రించెను. పసుపు, నలుపు చారల అట్టతో ఆ 'క్లిఫ్సు నోట్సు' దేశమంతట వ్యాపించెను. ఇవి మూలమునకు బదులు కావని, మూలమును చదువక వీనిని మాత్రము చదువువాడు తనకు తానే అన్యాయము చేసికొనుచున్నాడని ఆయన ప్రతి పుస్తకములోను తన సంతకముతో ముద్రించెడివాడు. హెచ్చరికను చదివినవారెందఱో గాని, 1998లో ఆ సంస్థ 1 కోటి 40 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. 1980లో ఇంగ్లండునుండి జెఫరెస్ ఆచార్యుని పర్యవేక్షణమున 'యార్కు నోట్సు' వచ్చెను. ఇండియాలోని ఆంగ్ల ఎం.ఏ. విద్యార్థులకు ఇవి సుపరిచితములు. 1999లో హార్వర్డు విద్యార్థులు కొందఱు 'స్పార్కు నోట్సు'ను ప్రారంభించి కాగితముతో కూడ పని లేకుండ చేసిరి.

ఢిల్లీలోని తెలుగు కుటుంబముల పిల్లలకు నయీ సడక్ దారి చూపనక్కఱలేదు. ఆ సందులోని అంగళ్లలో ఏ తరగతికైనను, ఏ విషయమునకైనను గైడు దొరకును. గైడుల న్యాయచరిత్రలో ఢిల్లీకిని స్థానము కలదు. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణశాఖ పదునొకండవ తరగతి గణిత పాఠ్యగ్రంథమునకు గైడును ప్రచురించినవారిపై వ్యాజ్యము తెచ్చెను. పాఠ్యగ్రంథములోని లెక్కలను తీసికొని, వానిని చేయు విధమును మెట్టుమెట్టుగా చూపుట విద్యార్థికి క్రొత్త ప్రయోజనము చేకూర్చునని 2008లో ఢిల్లీ హైకోర్టు గైడు పక్షముననే నిర్ణయించెను.

లెక్కకు జవాబు ఒక్కటే, మెట్టుమెట్టుగా చూపవచ్చును. మారబారు గుహకు అట్టి మెట్లు లేవు. అడెలా క్వెస్టెడ్ అను ఆ ఆంగ్ల యువతి చీకటిగుహలోనికి పోయి భయముతో పరుగెత్తి వచ్చినది. అజీజుపై నేరము మోపబడినది. న్యాయస్థానమున ఆమెయే ఆ నేరారోపణను ఉపసంహరించుకొన్నది. గుహలో జరిగిన దేమి? నవల చెప్పదు. పరీక్షలో మాత్రము అడుగుదురు; గైడు చెప్పక తప్పదు. 1924లో నవల వెలువడిన కొన్ని దినములకే మిత్రుడు లోవెస్ డికిన్‌సన్ ఇదే ప్రశ్నను ఫార్‌స్టర్‌నే అడిగెను. గుహలో నున్నది మనుష్యుడో, మానవాతీత శక్తియో, భ్రాంతియో కావచ్చుననియు, అది తన మనస్సునకును మసకగనే యున్నదనియు, మసకగనే యుండనిండనియు ఆయన జాబు వ్రాసెను.